తేనెటీగ కళ్ళూ, నా హాస్టల్ సీటూ

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను గెలవను. చివర్లో ఎక్కడో గట్టెక్కి ఉంటాడులే అని ఆశపడే మంచివాళ్ళు ఇక్కడే ఆగిపోయి వేరే పని చూసుకోవచ్చు, నాకేమీ కోపం లేదు. నిజం చెప్పి ఓడిపోయి, తర్వాత తెలివి తెచ్చుకుని అబద్ధం చెప్పి, దాంతోనూ ఓడిపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ రెండు పనులూ నేను ఒకే సాయంత్రం, ఒకే కుర్చీలో కూర్చుని చేశాను. ఇంత ఘనకార్యం చేసినవాడి గురించి ఇంకెవరూ రాయరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

అరవైల చివరి రోజులవి. యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎమ్మే చదువుతూ క్యాంపస్ హాస్టల్లో ఉండేవాణ్ణి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్న అక్కడి మిషన్ స్కూల్లో మాస్టారు. "మా రత్నం హైదరాబాదులో ఎమ్మే" అని ఆదివారం ప్రార్థన కాగానే చర్చి గుమ్మంలో మొదలుపెట్టి, వినేవాళ్ళు అయిపోయేదాకా చెప్పుకునేవాడు. అయితే ఆయన షరతు ఒకటుంది. చదువు చెడితే ఇంటికొచ్చేసి, అదే స్కూల్లో ఒకటో తరగతి పిల్లలకు అ ఆలు చెప్పాలి. పిల్లలంటే నాకు ప్రేమే. కానీ ఒకటో తరగతి గదికీ నాన్న గదికీ మధ్య గోడ సగం ఎత్తు వరకే ఉండేది. ఆ సగం గోడ మీదుగా రోజంతా నాన్న తల కనిపిస్తూ ఉంటే ఎలా బతకాలో నాకు అర్థమయ్యేది కాదు.

హాస్టల్ గదిలో రెండో మంచం యాదగిరిది. భువనగిరి వైపు రైతు బిడ్డ, ఎకనామిక్స్ చదివేవాడు. నాకన్నా ఒక ఏడాది చిన్న, బుద్ధిలో పదేళ్ళు పెద్ద. "అన్నా" అని పిలుస్తూనే చీవాట్లు పెట్టడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

ఇక నా రోగం సంగతి. "నాకు తెలియదు" అనే మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. ఎవరేమడిగినా జవాబు చెప్పేవాణ్ణి. తెలిస్తే తెలిసినట్టు చెప్పేవాణ్ణి, తెలియకపోతే ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి. మామూలు ఊళ్ళో అయితే ఇలాంటివాణ్ణి నాలుగు రోజుల్లో పట్టుకుని బుద్ధి చెప్పేవారు. తార్నాకలో నాకు న్యాయమూర్తి ఉద్యోగం ఇచ్చారు.

తార్నాక చౌరస్తా దగ్గర ఒక ఇరానీ హోటల్ ఉండేది. సాయంత్రమైతే హాస్టళ్ళన్నీ అక్కడే. చాయ్ బల్ల మీదికి వచ్చేలోపు ఎవరో ఒకరు ఏదో ఒక సంగతి మీద వాదం పెట్టుకునేవారు. ఆట గురించో, సినిమా గురించో, ఎవరూ చదవని పద్యం గురించో. లైబ్రరీకి పోయి పుస్తకం చూడొచ్చు కదా అంటారు మీరు. చాయ్ చల్లారిపోదూ? అందుకని అక్కడ ఒక పద్ధతి ఏర్పడింది. వాదించుకునే ఇద్దరూ నా బల్ల దగ్గరికి రావాలి. నేను ఇద్దరి మాటా విని ఫైసలా చెప్పాలి. ఓడినవాడు గెలిచినవాడికీ నాకూ చాయ్ తాగించాలి. ఒకసారి ఫైసలా అయ్యాక మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు.

"రత్నమన్నా, క్రికెట్ల స్టంపులు ఎంత పొడుగుంటయ్? వీడు ఇరవై ఎనిమిది అంగుళాలంటున్నడు. నేను ముప్పై అంటున్న."

నేను కళ్ళు మూసుకుని, తెరిచి, "ముప్పై" అన్నాను.

"ఎట్ల?" అన్నాడు ఓడినవాడు.

"ఆలోచించు. ఇరవై ఎనిమిది అనే అంకె తెలివున్నవాడెవడైనా పెట్టుకుంటాడా? ఇంగ్లీషువాళ్ళు అన్నీ సరిగ్గా లెక్క చూసుకుని పెట్టారు."

ఓడినవాడు ఆలోచించి, తల ఊపి, చాయ్ చెప్పాడు.

ఇంకో రోజు షటిల్ ఆటలో బంతికి ఉండే ఈకలు ఏ పక్షివని వచ్చింది. ఒకడు బాతు అన్నాడు, ఒకడు కోడి అన్నాడు. ఇద్దరికీ పడక నా దగ్గరికి వచ్చారు. నేను ఇద్దరి మాటా కొట్టేసి "కొంగ" అన్నాను. తెల్లగా ఉంటుంది, ఎగురుతుంది, ఇంకేం కావాలి? ఆ రోజు ఇద్దరూ చాయ్ తాగించారు.

ఇంగ్లీషులో సానెట్ అనే పద్యానికి ఎన్ని పాదాలని ఎవరో అడిగితే "పన్నెండు" అన్నాను. "తెల్లవాళ్ళకు గుడ్లయినా పాదాలయినా డజను లెక్కే" అని వివరణ కూడా ఇచ్చాను. నేను చదివేది ఇంగ్లీషు ఎమ్మే అని మీరు మర్చిపోకూడదు. పరీక్షలో ఏమైందో తర్వాత చెప్తాను, మీరు ఈపాటికే ఊహించి ఉంటారు.

సినిమా తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయంటే అరవై అన్నాను, గడియారంలో అరవై ఉంది కాబట్టి. ఇక షూటింగులో కెమెరా ముందు నల్ల పలక పట్టుకుని టప్పుమని కొడతారే, అది ఎందుకు అని అడిగినప్పుడు నా ప్రతిభ పూర్తిగా వికసించింది.

"నటులకు నిద్ర వదలడానికి" అన్నాను. "రాత్రంతా పని చేసి వచ్చి ఉంటారు పాపం. చెవి దగ్గర పలక మోగితే గానీ ముఖంలోకి కళ రాదు."

హోటలంతా మెచ్చుకుంది. దారిలో యాదగిరి మాత్రం నా పక్కన నడుస్తూ అడిగాడు.

"అన్నా, గా పలక సంగతి నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు. చూస్తే అలాగే ఉంది."

"రేపు ఎవడన్న పుస్తకం దెరిస్తే?"

"చాయ్ తాగడానికి వచ్చేవాడు పుస్తకం ఎందుకు తెరుస్తాడయ్యా?"

నా ఫైసలాలు సాయంత్రం పుట్టి పొద్దున్నకల్లా క్లాసుల్లోకి, మధ్యాహ్నానికి లేడీస్ హాస్టల్లోకి చేరేవి. హోటల్లో మూల బల్ల దగ్గర ఒక సన్నటి పెద్దమనిషి ఒక్కరే కూర్చుని చాయ్ తాగుతూ, నేను ఫైసలా చెప్పినప్పుడల్లా శ్రద్ధగా తల ఊపేవారు. జువాలజీ లెక్చరర్ అని విన్నాను. అంత చదువుకున్నాయన నా మాటకు తల ఊపుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. ఈయన్ని గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. రెండు పేపర్లు పోయాయి. మా వార్డెన్ గారు గదికి పిలిపించారు. ఆయన మనిషి మంచివారే, రూలు దగ్గర మాత్రం రాయి.

"ఏమయ్య రత్నం, రెండు పేపర్లు పోగొట్టుకున్నవట."

"అవునండి."

"రూల్ ప్రకారం సీటు ఖాళీ చెయ్యాలె. నీ సీటు కోసం బయట ఎంతమంది నిలబడ్డరో ఎరుకేనా?"

నాకు బయట నిలబడ్డవాళ్ళెవరూ కనిపించలేదు. సగం గోడ మీద నాన్న తల కనిపించింది. సీటు లేకపోతే బయట గది తీసుకునే తాహతు మాకు లేదు. సీటు పోయిందంటే చదువు పోయినట్టే.

"ఒక రాస్తా ఉన్నది" అన్నారు వార్డెన్ గారు. "హాస్టళ్ళ మధ్య జనరల్ నాలెడ్జి పోటీ వస్తున్నది. ఆటలు, సాహిత్యం, సినిమా, ప్రకృతి. ఆ కప్పు ఎన్నేండ్ల సంది లేడీస్ హాస్టల్లనే కూసున్నది. ఆ వార్డెనమ్మ నన్ను జూసినప్పుడల్లా నవ్వుతది. నువ్వేదో హోటల్ల ఫైసలాలు చెప్తవట గదా. కప్పు తెస్తే నీ సీటు ఉంచుత. తేకుంటే పెట్టె సర్దుకో."

"తెస్తానండి" అన్నాను. తెలియదు అనలేనివాడు తేలేను అని ఎలా అంటాడు?

నేను గుమ్మం దాటబోతుంటే ఆయన మళ్ళీ పిలిచారు. "ఇంకొక మాట. నిన్న మా మామతోటి పెద్ద లొల్లి అయింది. మన రాతి బిల్డింగుకు తేనెపట్లు వేలాడుతున్నయ్ గదా, అవి జూసి మొదలయింది. తేనెటీగకు కళ్ళు ఎన్ని అని. మామ ఏమంటడంటే..."

"మీరన్నదే కరెక్టండి."

"నేనేమన్ననో నువ్వు విననే లేదు గదా."

"వినక్కర్లేదండి. మీరన్నారంటే అంతే."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూసినవా? చదువుకున్నోనికి ఎరుకయితది. ఆయన ఫారెస్టుల పని చేసి రిటైరయిండు, ఆ మాత్రానికే జంతువులన్నీ తనకే తెలుసంటడు. రామంతాపూర్ పోయి చెప్త" అంటూ అప్పటికప్పుడు టోపీ పెట్టుకుని బయల్దేరారు. ఆ ఒక్క మాటతో సీటు సగం దక్కిందనుకున్నాను. ఆ రోజు నా మీద నాకే ముచ్చటేసింది.

గదికి వచ్చాక భయం పట్టుకుంది. ఇది చాయ్ కాదు, సీటు. ఇక్కడ కళ్ళు మూసుకుని అంకె చెప్తే కుదరదు. జీవితంలో మొదటిసారి ఒక మంచి నిర్ణయం తీసుకున్నాను. నా నాశనానికి అదే కారణం అని మీరు ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు. పోటీ దాకా హోటల్ వైపు పోకుండా, లైబ్రరీలో కూర్చుని అన్నీ చదవాలనుకున్నాను.

చదివాను. ఆటల పుస్తకాలు, సినిమా పుస్తకాలు, పక్షుల పుస్తకాలు, పురుగుల పుస్తకాలు, ఏది దొరికితే అది. చదువుతున్నకొద్దీ నా ఫైసలాలు ఒక్కొక్కటే కూలుతూ వచ్చాయి. స్టంపులు ఇరవై ఎనిమిది అంగుళాలు. సానెట్‌కు పధ్నాలుగు పాదాలు. షటిల్‌కు ఉండేవి బాతు ఈకలు. సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు. ఆ నల్ల పలక కొట్టేది, వేరువేరుగా తీసిన మాటనూ బొమ్మనూ తర్వాత కలపడానికి గుర్తుగా. ఎవరి నిద్రా వదలడానికి కాదు. తేనెటీగకు అటూ ఇటూ రెండు పెద్ద కళ్ళు, నెత్తి మీద మూడు చిన్న కళ్ళు, మొత్తం అయిదు.

"యాదగిరీ, నేను చెప్పిన ఫైసలాల్లో ఒక్కటీ నిజం కాదయ్యా" అన్నాను గదిలో కూలబడి.

"గది నాకు ఎప్పటి సందో ఎరుకే" అన్నాడు యాదగిరి. "ఎంతమంది పాపపు చాయ్ తాగినమో అన్నా. నాతోని గూడ తాగించినవ్."

"ఇప్పుడన్నీ సరిగ్గా నేర్చుకున్నాను. ఇక భయం లేదు."

"నువ్వు నేర్చుకుంటే నాకు భయమైతది" అన్నాడతను. అప్పుడది వెటకారం అనుకున్నాను.

పోటీ రోజు వచ్చింది. హాలు నిండింది. ప్రొఫెసర్లెవరూ రాలేదు, చివర్లో టీ ఏర్పాటు లేదని ముందే తెలిసిపోయింది కాబోలు. ముందు వరసలో మా వార్డెన్ గారు, ఆయన పక్కన తెల్ల మీసాల పెద్దాయన ఒకరు కూర్చున్నారు. రామంతాపూర్ మామగారు ఈయనే అన్నమాట. కప్పు తన హాస్టల్‌కు వస్తుంటే మామ చూడాలని వార్డెన్ గారు ప్రత్యేకంగా తీసుకొచ్చారు. వెనక వరసల్లో హోటల్ జనమంతా ఉన్నారు. వేదిక మీద ఒక వైపు నేనూ యాదగిరీ. ఇంకో వైపు లేడీస్ హాస్టల్ తరఫున విమల అనే అమ్మాయీ, ఆమె స్నేహితురాలూ. మధ్య కుర్చీలో ప్రశ్నలు అడిగేందుకు ఒక కాగితం పట్టుకుని, హోటల్ మూల బల్ల లెక్చరర్ గారు. నన్ను చూసి ఆప్యాయంగా తల ఊపారు. నేనూ ఊపాను.

ఒకరు తప్పు చెప్తే ప్రశ్న రెండో జట్టుకు పోతుంది. మొదటి ప్రశ్న మాకే.

"క్రికెట్ స్టంపుల ఎత్తు ఎంత?"

నేను సంతోషం పట్టలేక లేచి నిలబడి మరీ చెప్పాను. "ఇరవై ఎనిమిది అంగుళాలండి."

లెక్చరర్ గారు కాగితం చూశారు, నన్ను చూశారు, మళ్ళీ కాగితం చూశారు. "తప్పు" అన్నారు బాధగా. ప్రశ్న విమలకు పోయింది.

"ముప్పై" అంది విమల.

"కరెక్ట్."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఆయన పొరపాటు పడి ఉంటారు, పెద్దవాళ్ళకూ పొరపాట్లు ఉంటాయి అనుకున్నాను. తర్వాత ఆమెకొక ప్రశ్న, మాకొక ప్రశ్న. సానెట్‌కు ఎన్ని పాదాలని నన్నే అడిగారు. పధ్నాలుగు అన్నాను. నా ఎమ్మే మీద ఒట్టు, పధ్నాలుగే. తప్పన్నారు. విమల పన్నెండు అంది. కరెక్ట్ అన్నారు. హాల్లో చప్పట్లు మోగాయి. వార్డెన్ గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు.

అప్పుడు వచ్చింది విమల వంతు. "షటిల్‌కు వాడే ఈకలు ఏ పక్షివి?"

"కొంగవి సార్."

"కరెక్ట్."

కొంగ అనే మాట వినగానే కుర్చీ అంచుకు జరిగాను. ప్రపంచంలో షటిల్ ఈకలకు కొంగను బాధ్యురాలిని చేసిన మనిషిని నేనొక్కణ్ణే. ఆ కొంగ నాది. తార్నాకలో పుట్టి, లేడీస్ హాస్టల్ మీదుగా ఎగిరి, ఇప్పుడు నా నెత్తి మీదే వాలింది.

యాదగిరి బల్ల కింద నా కాలు తన్నాడు. "సమజయిందా అన్నా? ఆయన కాయితం మీద ఉన్నయన్ని నీ ఫైసలాలే. హోటల్ల కూసొని అన్ని రాసుకున్నడు."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం చెయ్యాలేంది? అప్పుడు ఏం చెప్పినవో గిప్పుడు గదే చెప్పు."

"అది అబద్ధం కదయ్యా."

"అప్పుడు గూడ అబద్ధమే గదా."

నా అంతరాత్మ కాసేపు గింజుకుంది. నిజం తెలిసి, పదిమంది ముందు అబద్ధం చెప్పడం తప్పు కాదా? తెలియక చెప్పినప్పుడు ఇంత బాధ లేదు. చదువు మనిషిని ఎలా పాడుచేస్తుందో అప్పుడు అర్థమైంది. ముందు వరసలో వార్డెన్ గారు పెట్టె సర్దుతున్నట్టు చేతులతో చూపిస్తున్నారు. నాకు సగం గోడ గుర్తొచ్చింది. అంతరాత్మను కూర్చోబెట్టాను.

సినిమా విభాగం మొదలైంది. "షూటింగులో పలక ఎందుకు కొడతారు?"

"నటులకు నిద్ర వదలడానికండి" అన్నాను, సిగ్గుతో తల దించుకుని.

"కరెక్ట్" అన్నారు లెక్చరర్ గారు. వెనక వరసల్లో ఈలలు వేశారు. ఆ తర్వాత మా వంతుకు సెకనుకు అరవై బొమ్మలు. అదీ కరెక్టే. విమల జట్టుకు వచ్చిన ప్రశ్న ఒకటి నేనెప్పుడూ ఫైసలా చెప్పనిది, ఆ పిల్ల తడబడింది, మాకు వచ్చింది, యాదగిరి చెప్పేశాడు. మార్కులు సమానమయ్యాయి. వార్డెన్ గారు మామగారి భుజం తట్టి నన్ను చూపించారు. బుద్ధి వచ్చాక అబద్ధం చెప్పడం ఇంత తేలికా అని నాకే ఆశ్చర్యమేసింది.

"చివరిది ప్రకృతి విభాగం" అన్నారు లెక్చరర్ గారు. "ఒకే ప్రశ్న. ముందు గంట కొట్టినవాళ్ళు చెప్పాలి. కప్పు దీని మీదే. తేనెటీగకు కళ్ళు ఎన్ని?"

ప్రశ్న పూర్తికాకముందే గంట కొట్టేశాను. కొట్టాక ఆలోచించడం మొదలుపెట్టాను. నిజం అయిదు. కానీ ఈ కాగితం మీద నిజం ఉండదు, నా ఫైసలా ఉంటుంది. తేనెటీగ మీద నేను చెప్పిన ఫైసలా ఏమిటి? వార్డెన్ గారితో మీరన్నదే కరెక్టు అన్నాను, అదీ ఈపాటికి అందరి నోళ్ళూ తిరిగి ఈ కాగితం మీదికి చేరే ఉంటుంది. ఆయనేమన్నారు? నేను వినలేదు. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ముందు వరసకేసి చూశాను. వార్డెన్ గారు దగ్గుతూ, కుడి చేతి రెండు వేళ్ళతో తన రెండు కళ్ళనూ తడుముకుంటున్నారు.

యాదగిరి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఆగు. గీ సారుది జువాలజీ. ఆటల సంగతి, సినిమాల సంగతి ఎరుకలేక హోటల్ల రాసుకున్నడు. పురుగుల సంగతి ఆయనకే ఎరుక. అయిదు అను."

"నువ్వూరుకో" అన్నాను. "ఇప్పుడిప్పుడే నాకు కిటుకు దొరికింది." అని లేచి, హాలంతా వినేట్టు, "రెండు" అన్నాను.

వార్డెన్ గారు ఒక్కరే చప్పట్లు కొట్టారు. లెక్చరర్ గారు కాగితం కూడా చూడలేదు.

"తప్పు" అన్నారు. "రోజూ నేను చూసే పురుగే కదయ్యా ఇది. విమలా?"

"అయిదు సార్. పెద్దవి రెండు, చిన్నవి మూడు."

"కరెక్ట్."

తెల్ల మీసాల మామగారు లేచి నిలబడ్డారు. "అల్లుడా, విన్నవా? అయిదు. నేను చెప్పిన్నా లేదా? కళ్ళు తడుముకునుడు ఆపి చెవులు తడుముకో" అని హాలంతా దద్దరిల్లేట్టు నవ్వారు. ఆయన పక్కన వార్డెన్ గారు చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయారు.

అక్కడితో కూర్చుని ఏడ్చినా బాగుండేది. నేను నోరు తెరిచాను.

"సార్, ఇది అన్యాయమండి. స్టంపులు ఇరవై ఎనిమిది అంగుళాలే. సానెట్‌కు పధ్నాలుగే. మీరు తప్పన్నవన్నీ నిజాలు. కొంగ, పన్నెండు, అరవై, నిద్ర, అవన్నీ నేను హోటల్లో కూర్చుని పుట్టించినవి."

లెక్చరర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పుట్టించారా? అంత నమ్మకంగా చెప్పేవారే. నేను మీ మీదే ఆధారపడ్డానండి" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, నిజమైన బాధ ఉంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

విమల కూడా లేచింది. "మా హాస్టల్ల అందరం మీ మాటే నమ్మినం" అంది నాకేసి తిరిగి. "నేనయితే మా తమ్మునికి గూడ చెప్పిన."

అప్పుడు వెనక వరసల్లోంచి ఒక గొంతు వినిపించింది. "అంటే స్టంపులు ఇరవై ఎనిమిదేనా? నేను గెలిచినట్టే గదా. మరి నా చాయ్?"

"బాతు అన్నది నేనే" అన్నాడు ఇంకొకడు, మెట్లెక్కి వస్తూ.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. నేను ఓడించినవాళ్ళందరూ ఒకేచోట కూర్చుంటారని అంతవరకు నాకు తెలియదు. యాదగిరి నన్ను పక్క తలుపులోంచి బయటికి లాగకపోతే ఈ జ్ఞాపకం రాసే చేతులు ఉండేవి కావేమో. కప్పు మళ్ళీ లేడీస్ హాస్టల్‌కే వెళ్ళింది. ఆ వార్డెనమ్మ మా వార్డెన్ గారిని చూసి నవ్విందట.

మర్నాడు ఆయన నన్ను పిలవలేదు, గదికే వచ్చారు. "ఇప్పటిదాంక నువ్వు చెప్పినవ్ గదా, ఇగ నా ఫైసలా విను. సీటు రద్దు" అని వెళ్ళిపోయారు. పెట్టె సర్దుకుంటూ నేను నిజంగానే ఏడ్చాను. నవ్వించడానికి రాస్తున్నాను గానీ ఆ ఏడుపు మాత్రం నవ్వులాటకు కాదు. చర్చి గుమ్మంలో నాన్న ఇక ఏం చెప్పుకుంటాడు?

యాదగిరీ నేనూ పెట్టె చెరో వైపు పట్టుకుని తార్నాక దాకా నడిచాం. హోటల్ ముందు నుంచి పోకుండా అవతలి పక్క నుంచి దాటుతుంటే, ఒక రిక్షా మా దగ్గర ఆగింది. అందులో తెల్ల మీసాల మామగారు.

"ఏంది బిడ్డా, ఎటు పోతున్నవ్?"

"ఊరికండి. సీటు పోయింది."

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. "నా ఇంట్ల ఒక అర్ర ఖాళీగ ఉన్నది. కిరాయి వద్దు. ఉండు, చదువుకో."

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆయన ఆపారు. "ఒకటే షరతు. ప్రతి ఆదివారం అల్లుడు అన్నానికొస్తడు. ఆయన ముంగట కూసొని నువ్వు తింటవ్. తినేముందు తేనెటీగకు అయిదు కళ్ళని అనాలె. అంతే."

ఆ షరతు ఎంత ఘోరమో నాకు ఆదివారం దాకా తెలియలేదు. ఆదివారం వచ్చింది. వార్డెన్ గారు వచ్చారు. ఆకులు వేశారు. నన్ను చూసి ఆయన తన ఆకు కాస్త పక్కకు జరుపుకున్నారు.

"చెప్పు బిడ్డా" అన్నారు మామగారు.

"అయిదండి" అన్నాను నేలకేసి చూస్తూ.

మామగారు తృప్తిగా పప్పు కలుపుకున్నారు. వార్డెన్ గారు ఊరుకోలేదు, ఎలాగైనా పరువు నిలుపుకోవాలనుకున్నారు. "అది సరే మామా, మొసలి నాలుక బయటికి చాపుతదా, చాపదా? చాపుతది."

"చాపదు" అన్నారు మామగారు. "నేను అడవిల ఎన్ని జూసిన."

"చాపుతది."

"చాపదు. అంతెందుకు, పిలగాడున్నడు గదా. నువ్వు చెప్పు బిడ్డా."

ఇద్దరూ చెయ్యి ఆకు మీద ఆపి నాకేసి తిరిగారు. ఒకరు నాకు గది ఇచ్చినవారు, ఇంకొకరు రేపెప్పుడైనా కరుణిస్తే సీటు ఇవ్వగలవారు. ఆ మొసలి నాలుక సంగతి నేను లైబ్రరీలో బొమ్మతో సహా చదివాను. జవాబు నాకు తెలుసు. ఇంత చక్కగా ఇంతకు ముందెప్పుడూ ఏ జవాబూ నాకు తెలియదు.

"నాకు తెలియదండి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదటిసారి.

"యూనివర్సిటీల చదువుతున్నవ్, గిది గూడ తెల్వదా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. మామా అల్లుళ్ళిద్దరికీ ఒక మాట మీద ఏకాభిప్రాయం కుదరడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ అర్రలోనే ఉండి ఎమ్మే పూర్తిచేశాను. ఆదివారాలన్నీ అయిదు, అయిదు అంటూనే గడిపాను. పోతే, మొసలి సంగతి వచ్చిన ఆ మొదటి ఆదివారం మధ్యాహ్నం ఎంగిలి చెయ్యి కడుక్కుంటూ, రామంతాపూర్ పెరట్లో తూర్పుకు తిరిగి గంభీరంగా ఒక ప్రతిజ్ఞ చేశాను. తెలియని దానికి ఈ జన్మలో జవాబు చెప్పను, తెలిసినదానికి అసలే చెప్పను. పరీక్షలూ ఆదివారాల అయిదూ మినహాయిస్తే, అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు. ఇంతకీ మొసలి నాలుక చాపుతుందా చాపదా అని మీరు అడగబోతున్నారు. నాకు తెలియదండి.